భాను మంచం మీద మట్టి

పొద్దున్నే ఫణికి లంచ్ బాక్సు సర్ది, అతను కారు తీసి రోడ్డెక్కాక, రాధారాణి మేడ మీదికి వెళ్ళి కూతురి మంచం మీది దుప్పటి నాలుగు మూలలూ కలిపి మూట కట్టేది. మూట బరువుగానే ఉండేది. నడుం మీద చెయ్యేసుకుని దాన్ని మెట్ల మీదుగా దించి, వంటింటి వెనక తలుపు తీసి, పెరట్లో బీరపాదు మొదట్లో దులిపేది. ఆ దుప్పటి వాషింగ్ మెషీన్లో వేసి, ఉతికిన ఇంకో దుప్పటి మంచం మీద పరిచేది. మర్నాడు పొద్దుటికి దాని మీద మళ్ళీ మట్టి ఉండేది.

భానుశ్రీ ఇటలీలో ఉంది. వీపుకి సంచి తగిలించుకుని ఊరూరా తిరుగుతూ, మందులు కొట్టకుండా పంట పండించే పొలాల్లో పని చేస్తోంది. జీతం ఉండదు. తిండి పెడతారు, పడుకోవడానికి చోటిస్తారు. పగలంతా అక్కడ ఆ పిల్ల ఒంటికి అంటుకున్న మట్టి, తెల్లారేసరికి అమెరికాలో, షాంటిలీలో ఉన్న ఆమె సొంత మంచం మీదికి వచ్చేది.

మూడిళ్ళ అవతల ఉండే విజయశ్రీ ఓ రోజు కరివేపాకు కోసం వచ్చి చూసింది. "తడి మన్ను మీద వాక్యూమ్ పెట్టకక్కా, మోటార్ కాలిపోతది. జర ఆరనియ్యి, ఆరినంక దులుపు" అని చెప్పి కరివేపాకు తీసుకుని వెళ్ళింది. పరుపు అమ్మిన షాపువాడికి ఫోన్ చేస్తే మరకలకి వారంటీ ఉంది గానీ మట్టికి లేదన్నాడు. కాలనీ అసోసియేషన్ వాళ్ళు తలుపుకి ఓ నోటీసు అంటించి పోయారు: పెరట్లో మట్టిదిబ్బ కంచెలో సగం దాకా లేచింది, ఎత్తు తగ్గించండి అని. రాధారాణి పార తీసుకుని దిబ్బని అటూ ఇటూ లాగి ఎత్తు తగ్గించి వెడల్పు పెంచింది. వెడల్పు గురించి నోటీసులో ఏమీ లేదు మరి.

ఆ పిల్ల అంత దూరం ఎందుకెళ్ళిందో చెప్పాలంటే ముందు ఫణి వీసా సంగతి చెప్పాలి. ఫణి అమెరికా వచ్చింది ఉద్యోగం వీసా మీద. భార్యకీ కూతురికీ దానికి తోకల్లాంటి వీసాలు. వాటితో ఈ దేశంలో ఉండొచ్చు, చదువుకోవచ్చు, కారు నడుపుకోవచ్చు, ఒక్క డాలరు మాత్రం సంపాదించకూడదు. పిల్లలకైతే ఇరవై ఒకటో పుట్టినరోజుతో ఆ తోక కూడా తెగిపోతుంది. ఈలోపు గ్రీన్‌కార్డు రాకపోతుందా అనుకున్నారు. మొదటి కంపెనీ మూతపడి ఫణి క్యూలో చివరికి పోయాడు. రెండో కంపెనీ కాగితాలు సరిగ్గా పెట్టక మళ్ళీ చివరికి పోయాడు. వచ్చినప్పుడు సెకండ్ గ్రేడ్‌లో చేరిన పిల్ల కాలేజీలో మూడో ఏడాది పూర్తి చేసింది, క్యూ మాత్రం కదల్లేదు.

భానుశ్రీ హైస్కూల్లో ఉన్నప్పుడు స్నేహితులంతా వేసవిలో ఐస్‌క్రీం షాపులో పనికి కుదిరేవాళ్ళు. ఆమె కౌంటరుకి ఇవతల కూర్చుని వాళ్ళ డ్యూటీ ఎప్పుడయిపోతుందా అని చూసేది. కాలేజీలో పర్యావరణం చదువుతుంటే అందరూ ఇంటర్న్‌షిప్పులకి వెళ్ళారు, ఆమె ఇంటికి వచ్చింది. చివరికి జీతం లేకుండా పని ఇచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా అని ఇంటర్నెట్టంతా గాలిస్తే ఆ ఇటలీ పొలాలు దొరికాయి. "అమ్మా, దే డోంట్ పే ఎనీబడీ! అందరికీ సేమ్ రూల్!" అని గంతులేసింది. అందరికీ ఒకే రూలు ఉన్న చోటు ఆ పిల్ల బతుకులో అదే మొదటిది.

రాధారాణికి ఇష్టం లేదు. ఆడపిల్ల, ఒక్కత్తీ, భాష రాదు. ఒప్పించింది ఫణి. ఒప్పించి ఊరుకున్నా బాగుండేది. మనవాళ్ళకో అలవాటుంది, ఏ పనికి బయల్దేరినా దానికి ఇంకో పని తగిలించకుండా గడప దాటరు. పెళ్ళికి వెళ్తే పనిలో పనిగా పళ్ళ డాక్టర్ని చూసొస్తారు, చెల్లెల్ని పలకరించడానికి వెళ్ళి తిరుపతి కూడా చేసుకొస్తారు. ఫణీ అదే చేశాడు. ఇంట్లో ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ వీసా ముద్రల గడువు ఎప్పుడో తీరిపోయింది. దేశంలో ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. కాలు బయటపెడితే మాత్రం ఏదో ఒక దేశంలో అమెరికా వాళ్ళ ముందు ఇంటర్వ్యూకి నిలబడి, కొత్త ముద్ర వేయించుకుని గానీ తిరిగి రాకూడదు. ఆ భయంతోనే రాధారాణి కన్నతల్లి పోతే కూడా వెళ్ళలేదు, బాత్‌రూమ్‌లో ట్యాప్ తిప్పి ఏడ్చి ఊరుకుంది.

"ఎలాగూ వెళ్తోందిగా, స్టాంపింగ్ అక్కడే కొట్టించేద్దాం. మా ఆఫీస్‌లో అందరూ కెనడాలో, మెక్సికోలో చేయించుకుంటున్నారు. ఫైవ్ మినిట్స్ పని" అన్నాడు ఫణి. తనే కూర్చుని స్లాట్ బుక్ చేశాడు. ఏ కాగితం పైన పెట్టాలో, ఏ కాగితం కింద పెట్టాలో ఫైలు సర్ది మరీ ఇచ్చాడు.

జూన్‌లో భానుశ్రీ పొలంవాళ్ళ దగ్గర సెలవు తీసుకుని రైలెక్కి ఇంటర్వ్యూకి వెళ్ళింది. కిటికీ వెనక ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. మీ నాన్నకి జీతం ఇచ్చే కంపెనీ ఏది, ఆయన రోజూ వెళ్ళి పని చేసే ఆఫీసు ఏది అని అడిగాడు. ఆ పిల్ల రెండు వేరు వేరు పేర్లు చెప్పింది. నిజం అదే కాబట్టి అదే చెప్పింది. అతను ఓ పచ్చ కాగితం చేతికిచ్చాడు. ఆయన పని చేసే ఆఫీసు నుంచి ఉత్తరం రావాలి, జీతం ఇచ్చే కంపెనీ గురించి మేం విచారించుకోవాలి, అప్పటిదాకా ఆగు అన్నాడు. ఎప్పటిదాకా అంటే చెప్పలేమన్నాడు.

ఫణికి జీతం ఇచ్చే కంపెనీ న్యూజెర్సీలో రెండు గదుల్లో ఉంటుంది. దాని యజమాని రాజారావు మాట తీరు చాలా తియ్యన. "లెటర్ తెప్పిస్తున్నా ఫణీ, మన లాయర్ వర్క్ చేస్తున్నాడు, నువ్వు టెన్షన్ పెట్టుకోకు" అనేవాడు. పోయిన వారం అన్న మాటే ఈ వారమూ అనేవాడు. ఫణి పని చేసే ఆఫీసువాళ్ళేమో బయటి కంపెనీల మనుషులకి ఉత్తరాలివ్వడం మా పద్ధతి కాదన్నారు. భానుశ్రీ తిరుగు టికెట్ తారీఖు వచ్చింది, పోయింది. ఒక్కో పొలంలో కొన్ని వారాలే ఉండనిస్తారు గనక ఆ పిల్ల సంచి సర్దుకుని ఇంకో పొలానికి వెళ్ళింది. ఆగస్టులో వచ్చే పుట్టినరోజులోపు ముద్ర పడకపోతే, పెరిగిన ఇంటికి కూతురిగా తిరిగొచ్చే దారి ఇక లేదు.

రాధారాణికి కూతురు పొలం మారిన సంగతి ఫోన్ కన్నా ముందు మంచమే చెప్పేది. మొదట్లో వచ్చింది తెల్లని బంకమట్టి. ఎండితే అప్పడంలా పెచ్చులు లేచేది. కొండవాలు మీద ద్రాక్షతోట అంది భాను. తర్వాత నల్లటిది, తేలిక, నలిపితే వేళ్ళ మధ్య గరగరమనేది. అది అగ్నిపర్వతం అడుగున టమాటా పొలం. ఆ నల్లమట్టిని చూస్తే రాధారాణికి ప్రత్తిపాడులో తమ పత్తిచేను గుర్తొచ్చేది, రంగులోనే గానీ జిగురులో కాదు. బాటనీలో ఎమ్మెస్సీ చేసి, పెళ్ళికి ముందు రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి ఆమె. ఈ దేశం వచ్చాక తన చదువుకి కాస్త దగ్గరగా ఉన్న పని చెయ్యడం ఇదే మొదలు అనుకుని ఓసారి తనలో తనే నవ్వుకుంది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మధ్యాహ్నం ఫోన్ వచ్చేది. అక్కడ అప్పటికి సాయంత్రం. టమాటా పొలంలో ఉన్నన్నాళ్ళూ పిల్ల గొంతు హుషారుగానే ఉంది.

"అమ్మా, ఇక్కడ టమాటాలు కోసి సాల్ట్ వేసి చెక్కల మీద ఎండబెడతారు. సేమ్ మన వడియాలు! నేను వాళ్ళకి వడియాలు గురించి చెప్పాను."

"కాకులు రావూ?"

"వస్తాయి. నేనే తోలుతాను. దట్స్ మై జాబ్."

మై జాబ్ అన్న మాట ఆ పిల్ల రెండుసార్లు అంది. రాధారాణి ఫోన్ పెట్టేసి, సింకు దగ్గర నిలబడి, వీధిలో ఎవరిదో కుక్క పోతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది. పైన డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగే విమానాలు ఇంటి కప్పుని రాసుకుంటున్నట్టు పోతున్నాయి. రోజుకి ఎన్ని దిగినా అందులో తన పిల్ల లేదు.

జూలైలో ఎర్రమట్టి మొదలైంది. దక్షిణాన, సముద్రానికి దగ్గరగా, ఆలివ్ తోట. ముసలి మొగుడూ పెళ్ళాలు తప్ప మనుషులు లేరట. వాళ్ళకి ఇంగ్లీషు రాదు. ఎండ ఎక్కువ, పని తక్కువ. చెట్ల మొదట్లో పిలకలు కొట్టడం, కలుపు తియ్యడం, అంతే. భాను మాటలు చిన్నవి అయ్యాయి.

"ఏం చేశావే ఇవాళ?"

"పిలకలు కొట్టాను."

"తిన్నావా?"

"ఆఁ. ఫుల్‌గా."

"నిద్ర పడుతోందా?"

"ఐ యామ్ గుడ్ అమ్మా."

ఆ ఇంట్లో ఫోన్లో నిజం చెప్పే అలవాటు ఎవరికీ లేదు. రాధారాణి ప్రత్తిపాడుకి ఫోన్ చేసిన ప్రతిసారీ బాగున్నామనే చెప్పింది. ఫణికి ఉద్యోగం పోయి, ముగ్గురూ నేల మీద పరుపేసుకుని పడుకున్న శీతాకాలంలో కూడా బాగున్నామనే చెప్పింది. పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకుంటూ పిల్ల అదంతా విని నేర్చుకుంది. ఇప్పుడు ఎవరిని నిందించాలి?

మంచానికి మాత్రం అలా కప్పిపుచ్చడం తెలియదు. మొదట్లో మట్టి ఎప్పుడూ కాళ్ళవైపే ఉండేది, చేతులు పెట్టుకునే చోట కొంచెం. ఎర్రమట్టి వచ్చిన కొత్తలో నడుం దగ్గర కనిపిస్తే కూర్చుని కలుపు తీస్తోంది కాబోలు అనుకుంది రాధారాణి. తర్వాత వీపు పొడుగునా వచ్చింది. మధ్యాహ్నం చెట్టుకింద కునుకు తీసిందేమో అనుకుంది. ఎండ కదా, మంచిదే అనుకుంది. ఆ తర్వాత కాళ్ళవైపు రావడం మానేసింది. తిరిగే మనిషికి పాదాలకి కదా మట్టి అంటుకోవాలి.

ఆ వారమే ఆమె ఇటలీ వీసాకి అప్లై చేసింది. విజయశ్రీ డ్రైవ్ చేసుకుంటూ డీసీలో వీసా ఆఫీసుకి తీసుకెళ్ళింది, దారిలో ఏమీ అడగలేదు. వచ్చేటప్పుడు మాత్రం, "అన్నకు చెప్పినవా అక్కా?" అంది.

"లేదే. వెళ్తానో లేదో నాకే తెలీదు. చేతిలో ఉంటే మంచిదని."

"ఉండనీ. ఉంటే ఏం బరువు" అంది విజయశ్రీ.

ఫణి కూతురి గదిలోకి వెళ్ళేవాడు కాదు. ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా అయినా మార్చుకోకుండా సోఫాలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. పచ్చ కాగితం వచ్చినవాళ్ళంతా ఇంటర్నెట్లో తమ కథలు రాసుకునే చోటు ఒకటుంది. ఎవరికి ఎన్నాళ్ళకి తీరిందో చదివేవాడు. తీరని వాళ్ళవి కూడా చదివేవాడు. గెడ్డం పెరిగింది, అన్నం సగంలో వదిలేసేవాడు. తప్పు తనదని అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకి తెలుసు. ఒక్కసారైనా అనేస్తే ఇద్దరికీ కాస్త ఊపిరాడేదేమో, కానీ ఆమె అనలేదు. అతనిమీద జాలి కలిగేది. ఆ జాలి వెనకే పట్టరాని కోపం కూడా వచ్చేది. ఆ కోపంతో ఆమె గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగేది.

పుట్టినరోజు వచ్చింది. పొద్దున్నే ఫణి ఫోన్‌కి లాయరు నుంచి మెయిల్ వచ్చింది, ఈ కేటగిరీలో ఇక చేయగలిగింది లేదని. అతను దాన్ని భార్యకి చూపించి, బూట్లు వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. వెళ్ళకుండా ఉండడానికి అతనికి ధైర్యం చాలలేదు. రాధారాణి పొయ్యి మీద పాలు పెట్టింది. పాయసం ఎవరు తింటారు అనుకుని పొయ్యి ఆర్పేసి మేడ మీదికి వెళ్ళింది.

ఆ రోజు మట్టి దిండు మీద ఉంది.

దుప్పటి మీద నిండా మట్టే, కానీ చెల్లాచెదురుగా లేదు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కుడిపక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. భుజం ఆనిన చోటు తెలుస్తోంది, తుంటి ఆనిన చోటు తెలుస్తోంది. దిండు మీద చెంప ఆనిన చోట మట్టి తడిసి ముద్దయింది. ఆమె వేలితో తాకింది. ఇంకా ఆరలేదు. ఒంటి బరువుకి పరుపు లోపలికి దిగిపోయి, పైకి రాలేదు. ఆ గుంటలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఇంట్లో చల్లదనం కాదది, చెట్టు నీడలో తవ్విన నేల చల్లదనం.

ఆమె దుప్పటి దులపలేదు. అక్కడే నేలమీద కూలబడి కూతురికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"హ్యాపీ బర్త్‌డే అని చెప్పకు అమ్మా."

"చెప్పను. ఏం చేస్తున్నావు?"

"వర్క్."

వెనక కీచురాళ్ళ రొద తప్ప ఏమీ వినపడలేదు. కత్తి చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. మాట కూడా నోరు నేలకి ఆనించి మాట్లాడుతున్నట్టు మందంగా ఉంది. ఇద్దరూ కాసేపు ఆ రొద వింటూ ఉన్నారు, తర్వాత ఫోన్ కట్టయింది.

సాయంత్రం ఫణి రాగానే, "ఒకసారి పైకి రండి" అంది.

"ఎందుకు? నువ్వు చూసుకుంటున్నావుగా."

"రండి అంటున్నానుగా."

అతను తలుపు దగ్గరే ఆగిపోయాడు. మంచం వైపు చూశాడు. కాసేపటికి లోపలికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుంట పక్కన చెయ్యి ఆనించాడు. పొద్దున అరచెయ్యి మునిగేంత ఉన్న గుంట అప్పటికి మోచేతి దాకా దిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అన్నాడు.

"మీరు వచ్చి చూస్తే తెలిసేది."

అతను మాట పడ్డాడు.

"నేను వెళ్తున్నానండీ. వీసా తీసుకున్నాను."

ఫణి లేచి నిలబడ్డాడు. "నీకు అర్థమవుతోందా ఏం మాట్లాడుతున్నావో? నువ్వు ఉన్నదీ నా పిటిషన్ మీదే, రాధా. దాన్ని ఏ కంపెనీ పేరు చెప్పి ఆపారో నిన్నూ అదే పేరు చెప్పి ఆపుతారు. నువ్వు గేటు దాటితే తిరిగి రావడం ఉండదు. ఇన్నేళ్ళు దేనికి ఉన్నాం మనం?"

"దేనికి ఉన్నాం?" అంది ఆమె. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"రాజారావుని ఇంకో వారం..."

"ఆయన పేరు ఈ గదిలో ఎత్తకండి."

"పోనీ, దాన్నే హైదరాబాద్ వెళ్ళమందాం. మా అన్నయ్య ఉన్నాడు. టికెట్ నేను బుక్ చేస్తాను. ఎక్కి కూర్చుంటే చాలు."

"ఎక్కాలంటే లేవాలి కదండీ. అది లేవడం లేదు. చూడండి, అది లేవడం లేదు." ఆమె గుంట వైపు చెయ్యి చూపించింది. "నేను వెళ్ళి లేపుతాను. నాలుగు రోజులు దాని పక్కన ఉంటాను. కాళ్ళు నిలబడ్డాక ఇద్దరం హైదరాబాద్ పోతాం. మీరు ఉద్యోగం వదలకండి, డబ్బు పంపేవాళ్ళు ఒకరుండాలి."

ఫణి ఆ రాత్రి కిందకి దిగి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంట్లో టికెట్లెప్పుడూ అతనే బుక్ చేస్తాడు. డల్లెస్ నుంచి ఇటలీ, అక్కడ కొన్ని రోజులాగి హైదరాబాద్. తిరుగు ప్రయాణం తారీఖు ఎంచుకోమని స్క్రీన్ అడిగింది. అతను చాలాసేపు ఆ గడి వైపు చూశాడు. తర్వాత ఒకవైపు ప్రయాణం అన్నదాని మీద నొక్కాడు.

మూడో రోజుకే ప్రయాణం. ఆ రెండు పొద్దులూ ఇద్దరూ కలిసి దుప్పటి దులిపారు. అతను ఒకవైపు, ఆమె ఒకవైపు పట్టుకున్నారు. ఎంత దులిపినా పరుపులో గుంట పైకి లేవలేదు. విజయశ్రీ పులిహోర కట్టి తెచ్చింది. "అక్కడ దొరకదక్కా ఏమీ" అంటూ రాధారాణిని పట్టుకుని బోరుమంది. రాధారాణికి మాత్రం ఏడుపు రాలేదు. ఈ ఇంటి కిటికీలు, ఈ వంటిల్లు, స్టోర్ రూమ్‌లో పిల్ల చిన్నప్పటి సైకిలు, అన్నిటినీ చూస్తూ తిరిగింది. ఏదీ తనది అనిపించలేదు. అయినా వదల్లేకపోయింది.

డల్లెస్‌లో కౌంటరు దగ్గర కుర్రది పాస్‌పోర్టు పేజీలు తిప్పి, తిప్పి, మొహం పైకెత్తి ఇంగ్లీషులో అడిగింది.

"మేడం, మీ అమెరికా వీసా ఎక్స్‌పైర్ అయిపోయింది. దీంతో మీరు వెనక్కి రాలేరు. ఆ సంగతి మీకు తెలుసు కదా?"

తెలుసు. తెలిసే వచ్చింది. అయినా ఓ పరాయి పిల్ల అంత మర్యాదగా అడిగేసరికి రాధారాణి వెనక్కి తిరిగి ఫణిని చూసింది. అతను ట్రాలీ పిడి పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, గెడ్డం సగం నెరిసి, అన్నం వండుకోవడం కూడా సరిగ్గా రాని మనిషి. వారంలో ఆ ఉత్తరం వచ్చి, తనకైనా ముద్ర పడేలా ఉంటే? నిజంగానే వస్తే? "ఒక్క నిమిషం" అని పక్కకి జరిగి కూతురికి ఫోన్ చేసింది. అక్కడ చీకటి పడే వేళ.

"ఎక్కడున్నావే?"

"రూమ్‌లో అమ్మా. డిన్నర్ అయిపోయింది. ఐ యామ్ గుడ్."

"నీ కుడి చెంప నిండా మట్టి ఉంది."

అవతల చెంప తుడుచుకుంటున్న చప్పుడు వినపడింది.

"పొద్దున నీ మంచం దులిపి వచ్చాను. మీ డాడీ, నేనూ. ఇక్కడికి వస్తుందని నీకు తెలుసు కదా?"

"తెలుసు. కడుక్కుందామని అనుకున్నాను అమ్మా. రోజూ అనుకుంటాను. ఐ కాంట్ గెట్ అప్."

"నేను ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాను."

"నో. నో, అమ్మా, రావద్దు. దే వోంట్ లెట్ యూ బ్యాక్. డాడీ ఒక్కడే అయిపోతాడు, బికాజ్ ఆఫ్ మీ. ఐ విల్ బీ ఫైన్. ఐ ప్రామిస్, ఐ యామ్..."

గుడ్ అన్న మాట ఈసారి రాలేదు.

"సరే. రావద్దని ఇంకొక్కసారి చెప్పు" అంది రాధారాణి. "చెబితే ఇలాగే ఇంటికి తిరిగి వెళ్ళిపోతాను. నీమీద ఒట్టు."

కౌంటరు దగ్గర ఎవరిదో పసిపిల్ల సూట్‌కేసు ఎక్కి ఆడుతోంది. ఫణి తలెత్తి భార్యనే చూస్తున్నాడు. ఫోన్‌లో కీచురాళ్ళ రొద. ఆ రొదలో నుంచి, అమెరికా రాకముందు ప్రత్తిపాడు బళ్ళో గేటు పట్టుకుని పిలిచినప్పటి గొంతు వచ్చింది.

"రా అమ్మా."

రాధారాణి కౌంటరు దగ్గరికి వెళ్ళి, "తెలుసమ్మా, వేసేయండి" అంది తెలుగులోనే. ఆ కుర్రదానికి ఏం అర్థమైందో గానీ, బ్యాగు బెల్టు మీద పెట్టింది. అది నెమ్మదిగా కదిలి రబ్బరు తెరల వెనక్కి వెళ్ళిపోయింది.

సెక్యూరిటీ వరస మొదట్లో ఫణి ఆగిపోవాలి. ఎప్పుడూ ప్రయాణాల్లో మందులు పెట్టుకున్నావా, పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టావు అని ప్రాణం తీసే మనిషి, అవేవీ అడగలేదు.

"రాధా, రేపు పొద్దున ఆ మట్టి..." అన్నాడు. "ఎక్కడ పొయ్యాలి?"

ఆమెకి అప్పుడొచ్చింది ఏడుపు. చెంగుతో మొహం తుడుచుకుని, అతని చొక్కా కాలరు సరిచేసింది.

"ఎక్కడ పోస్తే ఏంటండీ. దులపడం మాత్రం మానకండి. ఒక్కరోజు కూడా. ఇకనుంచి మీకు రెండు మంచాలు, దానిదీ నాదీ."

ఫణి తల ఊపాడు. ఇంకేదో అడగబోయాడు గానీ, వెనకనున్నవాళ్ళు తొందరపెడుతుంటే ఆమె వరసలో ముందుకి జరిగిపోయింది. అతను ట్రాలీ తోసుకుంటూ పార్కింగ్ వైపు వెళ్ళాడు.